పాత రేడియోలా కనిపించే వైర్‌లెస్ స్పీకరు నాన్నగారికి కొనచ్చా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. శ్రీకాకుళంలో ఇల్లు, 12 అడుగులకి 15 అడుగుల హాలు, కింద టైల్స్. నాన్నగారు రిటైరైన తెలుగు మాస్టారు, వయసు 74. ఒకప్పుడు ఆయన ప్రాణంగా చూసుకున్న వాల్వు రేడియో ఇప్పుడు అటక మీద ఉంది. ఆయన పుట్టినరోజుకి పాతకాలం రూపంలో ఉండే వైర్‌లెస్ స్పీకరు ఇద్దామని విశాఖ వెళ్లి రెండు చూశారు. ఒకటి చిన్నది. చెక్క రంగు పెట్టె, ముందు గుండ్రటి డయలు, లోపల బ్యాటరీ. రెండోది పెద్దది. నల్ల రెగ్జిన్ తొడుగు, పైన ఇత్తడి రంగు పలక, మూడు నాబ్‌లు, కరెంటుతోనే పనిచేస్తుంది. షోరూములో పెద్దది గుండె అదిరేలా మోగిందని, మనసు మాత్రం చిన్నదాని అందం మీదికి పోతోందని రాశారు. శబ్దం మంచిదో కాదో ఎలా తేల్చుకోవాలి, ఆ రూపానికి డబ్బు పెట్టడం సబబేనా, ఇవన్నీ కాకుండా అటక మీది సెట్టుకే బ్లూటూత్ పెట్టించవచ్చా అని అడిగారు.

నేను విజయనగరంలో 1984 నుంచి రేడియోలు, టేప్‌రికార్డర్లు, యాంప్లిఫయర్లు బాగుచేస్తున్నాను. మధ్యలో కొన్నేళ్లు మైకుసెట్టు కూడా నడిపాను. ఇప్పుడు నా బల్ల మీదికి వచ్చేవాటిలో సగం ఇలాంటి బ్లూటూత్ పెట్టెలే. వాటిని విప్పి చూసిన అనుభవంతో చెబుతున్నాను, కొంచెం పొడుగవుతుంది.

ముందు ఆ పాత రేడియో అలా ఎందుకు ఉండేదో చూడండి. పెట్టె పెద్దదిగా ఉండేది, ఎందుకంటే వాల్వులు, ట్రాన్స్‌ఫార్మరు, 6 నుంచి 8 అంగుళాల కాగితపు కోను (ముందుకీ వెనక్కీ కదిలి శబ్దం పుట్టించే స్పీకరు గరాటు) అందులో పట్టాలి. వెనక అట్టకి బెజ్జాలు ఉండేది వాల్వుల వేడి బయటికి పోవడానికి. ముందు గుడ్డ ఎందుకంటే శబ్దం దాటాలి, దుమ్ము ఆగాలి. నాబ్ పెద్దగా, బరువుగా ఉండేది, ఎందుకంటే స్టేషను వెంట్రుకవాసిలో తప్పిపోయేది. డయలు వెనక బల్బు వెలిగేది చీకట్లో ముల్లు కనపడాలని. అందులో ప్రతి వస్తువుకీ ఒక పని ఉంది. ఆ పనుల్లోంచే ఆ అందం వచ్చింది.

ఇక ఆ మెత్తటి గొంతు. మన చెవికి 20 హెర్ట్జ్ (బాగా లోతైన శబ్దం) నుంచి 20 కిలోహెర్ట్జ్ (సన్నటి కీచు) దాకా వినపడుతుందంటారు. మీడియం వేవ్ ప్రసారంలో 5 కిలోహెర్ట్జ్ దాటి దాదాపు ఏమీ రాదు. అంటే చెవికి గుచ్చుకునే కీచు భాగం స్టేషను దగ్గరే ఆగిపోయేది. దానికి పెద్ద కోను, వెనక తెరిచిన చెక్క పెట్టె తోడయ్యాయి. ఆ సెట్లు బయటికి ఇచ్చే పవరు 3, 4 వాట్లు. అయినా వీధి అరుగు దాకా వినపడేది, ఎందుకంటే తేలికైన పెద్ద కోను తక్కువ పవరుతోనే చాలా గాలిని కదుపుతుంది.

కొత్త పెట్టె ఈ ముఖాన్ని మాత్రమే తెచ్చుకుంటుంది. లోపల 2, 3 అంగుళాల కోను, ఒక చిన్న సర్క్యూటు బోర్డు, ఒక చిప్పు ఉంటాయి. అది తప్పని నేను అనను. ఆ చిప్పుతో మంచి శబ్దం తీసినవాళ్లు ఉన్నారు. అయితే చెక్క రంగు చూసి శబ్దం కూడా పాత రేడియోలా ఉంటుందని నమ్మడానికి ఏ ఆధారమూ లేదు. అందుకే రూపాన్ని, శబ్దాన్ని విడివిడిగా చూడాలి. రూపం దగ్గర నేను అడిగే ప్రశ్న ఒక్కటే: ఈ నాబ్, ఈ గుడ్డ, ఈ డయలు ఇప్పటికీ ఏదైనా పని చేస్తున్నాయా?

శబ్దం సంగతి చెప్తాను, అసలు విషయం అక్కడే ఉంది.

షోరూములో మీ గుండె అదిరింది నిజమే. కానీ అక్కడ పాట వాళ్లది, వాల్యూమ్ వాళ్లది. రెండు స్పీకర్లు పక్కపక్కన పెడితే, కొంచెం గట్టిగా మోగేదే మంచిదని మన చెవి తీర్పు చెప్పేస్తుంది. ఇది ఎవరికైనా అంతే, నాకూ అంతే. పైగా మన చెవి చిన్న వాల్యూమ్ దగ్గర బేస్‌ని, అంటే లోతైన శబ్దాన్ని, సరిగ్గా పట్టుకోలేదు. ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లోనే దీన్ని కొలిచి చూపించారు. వాల్యూమ్ పెంచగానే పాట నిండుగా వినపడటంలో సగం స్పీకరు గొప్ప, సగం చెవి గుణం. మీ నాన్నగారు పొద్దున్న ఐదింటికి, అందరూ పడుకుని ఉండగా, చిన్న వాల్యూమ్‌లో వింటారు. షోరూములో మీరు విన్నది ఆయన ఎప్పుడూ వినని స్పీకరు.

మళ్లీ వెళ్లండి. ఈసారి వారం మధ్యలో, మధ్యాహ్నం పూట, జనం లేనప్పుడు. మీ ఫోన్లో మీకు బాగా తెలిసినవి నాలుగైదు పెట్టుకుని వెళ్లండి. అబ్బాయిని వాల్యూమ్ తగ్గించమనండి, ఇద్దరు మామూలుగా మాట్లాడుకుంటే ఎంత వినపడుతుందో అంతకి. రెండు స్పీకర్ల వాల్యూమ్ సమానంగా పెట్టడానికి సులువైన దారి, రెండింటిలోనూ ఒకే వార్తల ముక్క వినిపించి ఆ గొంతు ఒకే ఎత్తులో ఉండేలా సరిచేయడం. స్పీకరు ముందు నిలబడి వినకండి. 8, 10 అడుగుల దూరంలో కుర్చీ వేసుకుని కూర్చోండి. ఇంట్లో ఆయన కూర్చునేది అంత దూరంలోనే.

మొదటి పరీక్ష పాట కాదు, మాట. ఆకాశవాణి వార్తలు పెట్టండి. మగ గొంతు డబ్బాలోంచి మాట్లాడినట్టు ఉంటే, ఆ స్పీకరు దగ్గర బేస్ ఉన్నట్టు చూపించడానికి 100, 150 హెర్ట్జ్ ప్రాంతాన్ని పైకెత్తారని అర్థం. పాటలో అది నిండుతనంలా వినపడి మోసం చేస్తుంది, మాటలో దొరికిపోతుంది. తర్వాత స, శ, ష మూడూ వేరుగా వినపడుతున్నాయా చూడండి. మూడూ ఒకేలా "స్స్" అని బుసకొడితే ట్రెబుల్, అంటే శబ్దంలో సన్నటి పై భాగం, గరుకుగా ఉంది. మూడూ మాసిపోతే ట్రెబుల్ లేదు. క, ఖ తేడా, ద, ధ తేడా తెలియాలి. మీ నాన్నగారు తెలుగు మాస్టారు, ఈ పరీక్ష ఆయన మనకంటే బాగా చేస్తారు.

ఇక్కడ ఒక మాట నొక్కి చెప్పాలి. వయసు మీద పడేకొద్దీ చెవి మొదట పోగొట్టుకునేది ట్రెబుల్‌నే. హల్లుల స్పష్టత అంతా అక్కడే ఉంది. పెద్దవాళ్లు "శబ్దం వినపడుతోంది కానీ మాట తెలియట్లేదు" అనేది అందుకే. అప్పుడు వాల్యూమ్ పెంచుతారు, బేస్ ఇంకా గుయ్‌మంటుంది, మాట ఇంకా మునిగిపోతుంది, ఇంట్లో మిగతావాళ్లు విసుక్కుంటారు. ఇలాంటి ఇళ్లు నేను చాలా చూశాను. పాత రేడియో మెత్తగా ఉండేది కాబట్టి ఆయనకి మెత్తటి శబ్దమే కొనాలని మీరు అనుకుంటున్నారు. ఆ మెత్తదనం ఆయన జ్ఞాపకంలో ఉంది. అప్పటి చెవి ముప్పై ఏళ్లది, ఆ లోటు తనే పూరించుకునేది. ఇప్పటి చెవికి మాట తేటగా అందాలి. అందుకే విడిగా ట్రెబుల్ నాబ్ ఉన్న స్పీకరుకి నేను ఎక్కువ మార్కులు వేస్తాను. పైన ఇత్తడి పలక ఉన్నందుకు వెయ్యను, దాని మీద ట్రెబుల్ అని రాసి, తిప్పితే నిజంగా మారుతున్నందుకు వేస్తాను.

మాట తర్వాత వయొలిన్. మా ఊళ్లో 1919లో సంగీత కళాశాల పెట్టారు, ద్వారం వెంకటస్వామి నాయుడుగారు అక్కడ వయొలిన్ నేర్పారు. ఆ ఊరివాడిని కాబట్టి వయొలిన్‌తో పరీక్షించడం నాకు అలవాటైంది. అలవాటు పక్కన పెట్టినా అది మంచి పరీక్షే. కమాను తీగ మీద రాసే ఆ చిన్న గరుకు వినపడాలి, కానీ పళ్లు జివ్వుమనకూడదు. చౌక స్పీకర్లలో 3, 4 కిలోహెర్ట్జ్ దగ్గర ఒక గుట్ట ఉంటుంది. షోరూములో అది "క్లియర్‌గా ఉంది" అనిపిస్తుంది, ఇంట్లో అరగంటకి తలనొప్పి తెస్తుంది. ఒక ముక్క విని తేల్చకండి, పది నిమిషాలు వినండి. తర్వాత సుశీలగారిదో ఘంటసాలగారిదో మీ ఇంట్లో అందరికీ వచ్చిన పాట ఒకటి పెట్టండి. పాత రికార్డింగులో సన్నటి చరచర ఉంటుంది, అది స్పీకరు తప్పు కాదు. ఆ చరచర గొంతుని మింగేస్తోందా, వెనకే ఉండిపోతోందా అన్నదే చూడాలి.

మూడోది, మన తప్పెటగుళ్లు. ఫోన్లో వెతికితే వీడియోలు దొరుకుతాయి. గుండె మీద కట్టుకున్న తప్పెట దెబ్బ, కాలి గజ్జెలు, పాడే గొంతు, మూడూ ఒకేసారి ఉంటాయి. మంచి స్పీకరులో దెబ్బ పడి ఆగుతుంది, గజ్జెలు విడివిడిగా రాలతాయి. చెడ్డదానిలో దెబ్బ సాగుతుంది, గజ్జెలన్నీ కలిసి ఇసుక పోసినట్టు ఉంటాయి. ఫోన్లో తీసిన వీడియో అయితే దానికే శబ్దం సరిగ్గా ఉండదు, కొంచెం మంచి రికార్డింగు చూసుకోండి.

నాలుగోది వీణ, దీనితో పెట్టె సంగతి తెలుస్తుంది. బొబ్బిలి వీణ చూసే ఉంటారు. ఒకే పనస దుంగ తొలిచి కుండ, దండి ఏకంగా చేస్తారు, ఎందుకంటే తీగ మీటితే ఆ చెక్క కూడా పాడాలి. స్పీకరు పెట్టె దానికి సరిగ్గా తలకిందులు. వీణ పాడింది రికార్డులో ఉంది, దాన్ని ఉన్నదున్నట్టు వినిపించి పెట్టె మాత్రం నోరు మూసుకుని ఉండాలి. పెట్టె కూడా పాడితే అన్ని వీణలకీ, అన్ని గొంతులకీ ఒకటే రంగు పూసినట్టు అవుతుంది. "నిజమైన చెక్క, అందుకే శబ్దం కమ్మగా ఉంటుంది" అని అమ్మేవాళ్లు చెప్పే మాట ఇందుకే నాకు నచ్చదు. వేలి కణుపుతో పెట్టె పక్కన తట్టండి. "టక్" అని పొడిగా ఆగిపోవాలి. "డబ్‌బ్" అని సాగితే లోపల పలచటి గోడ, మద్దతు పట్టీ లేదు. బరువు కూడా చూడండి, చిన్నదైనా చేతికి బరువుగా ఉంటే మంచి గుర్తే. ఇనప ముక్క వేసి బరువు పెంచినవీ నేను చూశాను, అందుకని తట్టి చూడటం మాత్రం మానకండి.

బేస్ గురించి మా వృత్తిలో పాత మాట ఒకటుంది. చిన్న పెట్టె, లోతైన బేస్, గట్టి శబ్దం, ఈ మూడింటిలో రెండే దొరుకుతాయి. 6 అంగుళాల కోను గాలిని తోసే వైశాల్యం 3 అంగుళాల దానికి నాలుగు రెట్లు. కాబట్టి అంతే బేస్ కావాలంటే చిన్న కోను నాలుగు రెట్లు ఎక్కువ దూరం ముందుకీ వెనక్కీ కదలాలి. అంత కదలలేదు. అందుకని లోపలి చిప్పు ఒక పని చేస్తుంది. వాల్యూమ్ పెంచేకొద్దీ బేస్‌ని మెల్లగా కోసేస్తుంది, కోను చిరిగిపోకుండా. దీన్ని పట్టుకోవాలంటే మృదంగం ఉన్న పాట పెట్టి వాల్యూమ్ మెట్టు మెట్టుగా పెంచండి. ఎడమ చేతి దెబ్బ గొంతుతో పాటు పెరుగుతోందా, సగం దాటాక వెనకబడిపోతోందా వినండి. మీ హాలుకి సగం వాల్యూమ్ దాకా నిలబడితే చాలు. వీలైతే టోన్ జనరేటర్ యాప్ ఒకటి వేసుకుని 100, 80, 60, 50 హెర్ట్జ్ వరసగా వినిపించండి. ఎక్కడ శబ్దం పోయి బుస్సుమనే గాలి మాత్రం వస్తుందో అదే దాని అసలు బేస్. అట్టపెట్టె మీద 50 హెర్ట్జ్ అని రాసుంటే రాసుండనివ్వండి.

వాట్ల గురించి తొందరగా చెప్పేస్తాను. 20 వాట్లది 40 చేస్తే పెరిగేది 3 డెసిబెల్స్, అది చెవికి కొద్దిపాటి తేడా. శబ్దం రెట్టింపైనట్టు అనిపించాలంటే పవరు పది రెట్లు కావాలి. పీఎంపీఓ (ఒక్క క్షణం పాటు రాగల పవరని చెప్పే అంకె) అని వేలల్లో రాస్తే ఆ అంకెని పట్టించుకోకండి. స్టీరియో అని రాస్తారు. ఒక జానెడు దూరంలో ఉన్న రెండు కోనులకి పది అడుగుల దూరాన స్టీరియో ఏమీ తెలియదు. బ్లూటూత్ కోడెక్‌ల (పాటని కుదించి పంపే పద్ధతులు, ఎస్‌బీసీ, ఏఏసీ లాంటివి) గురించి కూడా జనం చాలా టెన్షన్ పడతారు. మీ హాలులో, ఆయన వినే పాత పాటలకి, ఎస్‌బీసీకి ఏఏసీకి ఉన్న తేడా కంటే స్పీకరు ఎక్కడ పెట్టారన్న తేడా ఎన్నో రెట్లు పెద్దది.

ఎక్కడ పెట్టాలో చెబుతాను. గోడకి ఆనిస్తే బేస్ పెరుగుతుంది, మూలలో పెడితే ఇంకా పెరిగి మాట మునుగుతుంది. అద్దాల షోకేసులో పెట్టకండి, అద్దం కూడా పాడుతుంది. టైల్స్, సిమెంటు గోడలు, ఒక దివాను తప్ప మెత్తటి వస్తువేదీ లేని హాలు మనది. చప్పట్లు కొట్టి చూడండి, "టింగ్" అని వెనక్కి వస్తే ఆ హాలులో ఎంత ఖరీదు స్పీకరైనా కీచుమంటుంది. కిటికీలకి దళసరి కర్టెన్లు, కింద ఒక తివాచీ వేస్తే, ఇంకో స్పీకరు కొన్నంత మార్పు వస్తుంది. గోడకి ఒక అడుగు ముందుకి, ఆయన కూర్చుంటే చెవి ఎంత ఎత్తులో ఉంటుందో అంత ఎత్తులో పెట్టండి.

ఇక రూపం. మీరు చూసిన పెద్దదాని నల్ల రెగ్జిన్, ఇత్తడి పలక ఎక్కడివో తెలుసా? అవి మన ఇళ్ల రేడియోవి కావు. లండన్‌లో 1962లో మొదలైన మార్షల్ లాంటి గిటారు యాంప్లిఫయర్ల రూపం అది. వాటిని వ్యానులో ఊరూరా తిప్పేవారు, గీతలు పడకుండా రెగ్జిన్ తొడిగేవారు. ఆ సంగీతం విని పెరిగినవాళ్లకి ఆ రూపం చూస్తే ఒళ్లు పులకరిస్తుంది. మీ నాన్నగారికి అది గుర్తుచేసేది ఏమీ ఉండకపోవచ్చు. చిన్నదాని డయలు గుర్తుచేస్తుంది. అందుకని మీ మనసు చిన్నదాని మీదికి పోవడం నాకు అర్థమవుతోంది. దానికి ముందు ఒక అనుభవం వినండి.

నాలుగేళ్ల కిందట మా అత్తగారికి అలాంటిదే ఒకటి ఫొటో చూసి తెప్పించాను. చక్కటి డయలు, అంకెలు, ఎర్ర ముల్లు. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని ముల్లుని విశాఖ స్టేషను వైపు తిప్పడం మొదలుపెట్టారు. ముల్లు కదలలేదు. ఆ డయలు ఒక బొమ్మ, కాగితం మీద అచ్చు వేసి ప్లాస్టిక్ కింద అతికించారు. ఆ నాబ్ కూడా తిరిగేది కాదు, నొక్కుడు బటను. ఎఫ్ఎమ్ పట్టడానికి వెనక ఎక్కడో చిన్న మీట నొక్కి పట్టుకోవాలి. "ఇది రేడియో కాదురా" అని పక్కన పెట్టేశారు. ఆవిడ ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది. చేతికి ఇచ్చిన మాట ఆ వస్తువు నిలబెట్టుకోలేదు. అప్పటి నుంచి నేను డయలు ఉన్న ప్రతిదాన్నీ ముందు తిప్పి చూస్తాను.

మీరూ అలాగే చూడండి. నాబ్‌లో రెండు రకాలు. ఒకటి మొదలు, చివర ఉన్నది. తిప్పితే గీత ఎక్కడుందో అదే వాల్యూమ్, కళ్లతో చూసి తెలుసుకోవచ్చు. రెండోది గిరగిరా ఎంతైనా తిరిగేది, లోపల ఎన్‌కోడరు, అంటే ఎంత తిప్పారో చిప్పుకి చెప్పే ముక్క. పెద్దవాళ్లకి మొదటి రకం నయం. దానిలో దుమ్ము చేరితే నాలుగేళ్లకి గరగరమంటుంది, కాంటాక్టు క్లీనరు కొట్టి తిప్పితే పోతుంది, అది పెద్ద జబ్బు కాదు. నాబ్ తడిమితే చల్లగా ఉంటే లోహం, లేకపోతే ప్లాస్టిక్ మీద పూత. సముద్రం దగ్గరి ఊళ్లలో ఆ పూత గోల్డ్ కవరింగ్ గొలుసులా పొరలు లేస్తుంది. కళింగపట్నం వైపు నుంచి నాకు వచ్చే సెట్లలో ముందు పోయేది ఇదే, తర్వాత ఇనప జాలీ తుప్పు. పలక మీది అక్షరాలు ట్యూబులైటు కింద 74 ఏళ్ల కంటికి కనపడతాయా? ఇత్తడి రంగు మీద సన్నటి నల్ల రాత మెరుపులో మాయమవుతుంది. ఆయన్ని తీసుకెళ్లలేకపోతే ఫొటో తీసి పంపి చదవమనండి.

ముందు గుడ్డకి నోరు ఆనించి మెల్లగా ఊదండి, ఊపిరి ఆగకుండా దాటితే శబ్దమూ దాటుతుంది. పెట్టెని తలకిందులు చేసి అడుగు భాగం చూడండి. చెక్క అని చెప్పేది చాలావరకు ఎమ్‌డీఎఫ్, అంటే చెక్క పొడి అట్ట. అది పెట్టె చేయడానికి మంచిదే, పాడని గుణం దానికుంది. కానీ అంచులకి తొడుగు లేకపోతే మన వర్షాకాలపు చెమ్మ పీల్చుకుని బొరుగులా ఉబ్బుతుంది. కోను కనపడితే దాని చుట్టూ ఉండే అంచు రబ్బరా, ఫోమా అడగండి. ఫోము కొన్నేళ్లకి మన వాతావరణంలో పొడి పొడిగా రాలిపోతుంది. వెనక నాలుగు స్క్రూలు కనపడితే నాకు సంతోషం, అతికించేసి ఉంటే రేపు బాగుచేయాలంటే పగలగొట్టాలి. కరెంటు వైరు ఊడదీసేది అయితే, బజారులో దొరికే రకమైతే మేలు.

బ్యాటరీ గురించి మీ ఊరివాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు. కరెంటుతోనే పనిచేసే స్పీకరు ఆ రోజుల్లో బల్ల మీద బొమ్మ. అయినా ఆ ఒక్క కారణంతో బ్యాటరీ స్పీకరు కొనమని చెప్పను. ఎప్పుడూ చార్జింగులోనే ఉంచితే, ఎండాకాలం వేడికి, లిథియం బ్యాటరీ రెండు మూడేళ్లలో నీరసపడుతుంది, కొన్నిసార్లు ఉబ్బుతుంది. నా దగ్గరికి వచ్చిన ఒక సెట్టులో బ్యాటరీ ఉబ్బి వెనక మూతనే తోసేసింది, జిగురుతో అతికించినందువల్ల మార్చడానికి గంటన్నర పట్టింది. తుఫాను రోజుకి టార్చి సెల్సుతో నడిచే చిన్న ట్రాన్సిస్టరు ఒకటి విడిగా ఉంచుకోండి.

వాడకం మాట ఒకటి. ఫోను తీసి బ్లూటూత్ కలిపి పాట వెతికే పని ఆయన చేస్తారా? 2017లో వచ్చిన సారెగామా కారవాన్ అనే పాత రేడియో రూపపు పెట్టెలో 5,000 పాటలు ముందే నింపి ఇచ్చారు. అది అన్నేసి ఇళ్లలోకి వెళ్లడానికి కారణం, ఫోనుతో పని లేకుండా పెద్దవాళ్లు నాబ్ తిప్పితే పాట రావడమే. మీరు చూసినవాటిలో అలా లేకపోతే, ఆన్ చేయగానే చివరిసారి కలిసిన ఫోనుతో తనంతట తను కలుస్తోందా, వాల్యూమ్ నిన్న ఎక్కడుందో అక్కడే ఉందా, కాసేపు పాట లేకపోతే నిద్రపోయి మళ్లీ లేవడానికి ఏ బటను నొక్కాలి, ఇవి షోరూములోనే చూడండి. ఆకాశవాణికి న్యూస్‌ఆన్‌ఎయిర్ యాప్ ఉంది. ఇంట్లో ఎల్‌ఈడీ బల్బులు, చార్జర్లు ఇంత రొద చేస్తుండగా మీడియం వేవ్ పట్టడం కంటే అదే తేట. టీవీకి బ్లూటూత్‌తో కలిపితే పెదవులకీ మాటకీ పొంతన తప్పుతుంది, టీవీ కోసమైతే వైరు పెట్టే సాకెట్ ఉండాలి.

అటక మీది సెట్టు గురించి. దయచేసి లోపలివన్నీ పీకి బ్లూటూత్ బోర్డు పెట్టించకండి, ఆ పని చేస్తామనేవాళ్లు చాలామంది వస్తారు. చూద్దామని ప్లగ్గు కూడా పెట్టకండి. ఏళ్ల తరబడి వాడని సెట్టులో కెపాసిటర్లు ఎండిపోయి ఉంటాయి, కరెంటు ఇవ్వగానే ట్రాన్స్‌ఫార్మరు కాలిపోవచ్చు. లోపల 250 వోల్టుల దాకా డీసీ ఉంటుంది. అంతకంటే ముఖ్యం, అప్పట్లో ఏసీకీ డీసీకీ పనికొచ్చే సెట్లు కొన్ని వచ్చేవి, వాటిలో చాసిస్, అంటే లోపలి లోహపు చట్రం, నేరుగా కరెంటు లైనుకే కలిసి ఉంటుంది. దానికి ఫోను వైరు తగిలిస్తే ప్రాణం మీదికి వస్తుంది. మీది ట్రాన్స్‌ఫార్మరు సెట్టు అయితే, వెనక గ్రామఫోను పికప్ కోసం రెండు రంధ్రాల సాకెట్ ఉంటే మాత్రం మంచి దారి ఉంది. కెపాసిటర్లు మార్చి సెట్టుని బతికించి, ఆ సాకెట్‌కి చిన్న ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మరు (రెండు వైపుల వైర్లు నేరుగా కలవకుండా వేరుచేసేది) ద్వారా బ్లూటూత్ రిసీవరు కలపవచ్చు. సెట్టు ఏమీ చెడదు, ఆ పెద్ద కోనులోంచే పాట వస్తుంది.

నా అభిప్రాయం అడిగారు కాబట్టి చెబుతున్నాను. చిన్నదాని డయలు ముల్లు నిజంగా కదలకపోతే దాన్ని వదిలేయండి. పెద్దది చిన్న వాల్యూమ్‌లో వార్తల పరీక్ష నెగ్గితే, ట్రెబుల్ నాబ్ నిజంగా పనిచేస్తే, హాలుకి అది తీసుకోండి. రూపం లండన్‌దైనా మూడు నాబ్‌లు ఆయన చేతికి తెలిసిన పనే చేస్తాయి. నెగ్గకపోతే రెండూ వద్దు. ఈలోగా అటక మీంచి సెట్టు దించి, వెనక అట్ట విప్పకుండానే, దాని మీది మోడలు నంబరు, సాకెట్లు కనపడేలా ఫొటో తీసి ఇక్కడ పెట్టండి. ఏ రకమో చూసి, బతుకుతుందో లేదో చెబుతాను.